చతురంగ సంఖ్యయు పద్యసాక్ష్యమును

తెలుగు వాఙ్మయమున శాస్త్రగ్రంథములకు లభించిన పరిశీలనము కావ్యములకు లభించిన దానితో పోల్చినచో మిక్కిలి స్వల్పము. గణితగ్రంథముల విషయమున ఈ లోపము మరింత స్పష్టము. సాహిత్యవేత్త దానిని గణితజ్ఞుని పనియని విడిచిపెట్టును. గణితజ్ఞుడు పద్యమును చూచి ఇది సాహిత్యవేత్త పనియని తొలగిపోవును. ఈ రెంటి నడుమ నిలిచిపోయిన వస్తువులలో ఒకటి ఇరువది అంకెల సంఖ్య: 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగపు పలకమీది అరువది నాలుగు గదులలో మొదటిదాన ఒక గింజ, రెండవదాన రెండు, మూడవదాన నాలుగు చొప్పున రెట్టించుచు పోయినచో కలుగు మొత్తము గింజల సంఖ్య ఇదియే. ఈ సంఖ్యను ఒక చంపకమాలలో నిలిపిన పద్యము పావులూరి మల్లనదిగా తెలుగుదేశమున ప్రసిద్ధము. ఈ వ్యాసమున మేము ఆ సంఖ్య స్వరూపమును, అది పద్యమున నిలిచిన విధమును, నేటి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సీమకు ఈ విషయముతో గల సంబంధమును విచారింప దలచితిమి. పద్యమున నిలిచిన సంఖ్యకు ఛందస్సు ఒక సాక్షి, గణితము మరియొక సాక్షి; ఈ రెంటిని కలిపి విచారించినగాని పాఠనిర్ణయము పూర్తికాదు అనునది మా ప్రతిపాదనము.

ముందుగా మూలమును చూతము. మల్లన రచించిన సారసంగ్రహ గణితము మహావీరాచార్యుని సంస్కృత గ్రంథమైన గణితసారసంగ్రహమునకు తెనుగుసేత. మల్లన కాలము పదునొకండవ శతాబ్ది యని కొందరును, పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమని కొందరును తలంతురు. రాజరాజనరేంద్రుని కడ అగ్రహారమందినవాడు కవియా, కవి తాతయా యనుటయే ఈ భేదమునకు కారణము. మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దియందు, గ్రంథరచన చేసెను. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము నేటి కర్ణాటకమున కలబురగి జిల్లాలోని మాళఖేడు. కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డ ఆనాడు రాష్ట్రకూటుల ఏలుబడిలోనిదే. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములు గల అలంపురము ఈ నడిగడ్డలోనిదే కదా. కావున తెలుగు గణితమునకు మూలమైన గ్రంథము పుట్టిన రాజ్యమునకు పాలమూరు సీమ పరాయిది కాదు. ఆ గ్రంథమును వేంగీదేశపు కవి తెనిగించెను. మూలగ్రంథపు రాజ్యమో ఈ సీమకు పశ్చిమమున, సమీపముననే యుండెను. ఈ భౌగోళిక సత్యమును మన సాహిత్యచరిత్రలు తగినంతగా గుర్తింపలేదు.

మహావీరుడు సంఖ్యాస్థానములను ఇరువది నాలుగింటిని చెప్పెను. ఏకము, దశము, శతము మొదలుకొని కోటి, దశకోటి, శతకోటి, అర్బుదము, న్యర్బుదము, ఖర్వము, మహాఖర్వము, పద్మము, మహాపద్మము, క్షోణి, మహాక్షోణి, శంఖము, మహాశంఖము అని ఇరువది స్థానములు. ఆ మీద క్షితి, మహాక్షితి, క్షోభము, మహాక్షోభము. మల్లన ఈ ఇరువదినాలుగింటిని ముప్పదియారుగా పెంచెను. చతురంగ సంఖ్య ఇరువది అంకెలది గనుక దాని శిరస్సు సరిగా మహాశంఖ స్థానమున నిలుచును: ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మములు, ఈ వరుసనే తక్కినవి. మహావీరుని పట్టికలో ఇంకను నాలుగు స్థానములు, మల్లన పట్టికలో పదునారు స్థానములు మిగిలియుండును. ఇంత పెద్ద సంఖ్యకును పేరు పెట్టగల భాషాసామగ్రి మన గణితకారులకు ముందే సిద్ధముగా నుండెనని దీనివలన తేలుచున్నది.

ఇక ఈ సంఖ్యను సాధించు మార్గము. అరువది మూడు మారులు రెట్టించి, ఆ అరువది నాలుగు రాశులను కూడుట సామాన్యుని మార్గము. శాస్త్రమార్గము వేరు. పింగళుని ఛందశ్శాస్త్రమున, తరువాత మహావీరుని గుణసంకలిత ప్రకరణమున, ఒక లాఘవము కలదు. గచ్ఛము సరిసంఖ్యయైనచో సగము చేసి వర్గమని గుర్తుంచుకొనవలెను. బేసియైనచో ఒకటి తీసి గుణకారమని గుర్తుంచుకొనవలెను. అరువది నాలుగును సగము చేయుచు పోయినచో ఆరు మారులలో ఒకటి వచ్చును. నడుమ బేసి ఎచ్చటను రాదు. కనుక రెండును ఆరుమారులు వర్గించిన చాలును: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, తుదకు 1,84,46,74,40,73,70,95,51,616. ఇందులో ఒకటి తీసిన మన సంఖ్య. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్‌బీరూనీ తన కాలగణన గ్రంథమున పదునారును మొదలుగా గొని వరుసగా వర్గించుట చేతనే ఈ మొత్తమును సాధించెను. చదరంగమును కనిపెట్టినవాడు రాజును గింజలు కోరిన కథను పదుమూడవ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ వ్రాసెను. 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకాస్ కల్పించిన అరువది నాలుగు పళ్లెముల ఆటలో కావలసిన కదలికలును సరిగా ఇన్నియే. ఒక్క సంఖ్య ఇన్ని దేశములలో తిరుగుటకు కారణము రెట్టింపు అను క్రియ సర్వజన సామాన్యమగుటయే.

ఆ క్రియ తెలుగువారి ధాన్యపు కొలతలలో ముందే కలదు. ప్రాంతభేదములున్నను మన పాత కొలతల వరుస ఇట్లుండును: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, రెండు కుంచములు ఇరస, రెండు ఇరసలు తూము. గిద్ద ఒకటియైన కుంచము అరువది నాలుగు, తూము రెండు వందల యేబది యారు. ఇరువది తూముల పుట్టి దగ్గర మాత్రమే ఈ రెట్టింపు తెగును. గిద్దనుండి తూమువరకు కొలిచిన రైతు చదరంగపు పలకమీద మొదటి తొమ్మిది గదులను దాటినవాడే. అయితే పలకమీద ఇంకను ఏబది యైదు గదులు మిగిలియుండును. కథయందలి చమత్కారమంతయు ఆ మిగిలిన గదులలోనే కలదు.

ఆ మొత్తము ఎంతటిదో ఊహింపదలచినవారికి ఒక అంచనా. వెయ్యి వడ్లగింజలు ఇరువదియైదు గ్రాములు తూగునని అనుకొన్నచో మొత్తము 46,000 కోట్ల టన్నులకు పైబడును. ప్రపంచమంతట ఒక యేడు పండు వడ్లు ఇటీవల సుమారు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన ఐదువందల యేండ్లకు మించిన పంట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల మొత్తము వైశాల్యము సుమారు 12,000 చదరపు కిలోమీటర్లు. ఈ వడ్లను మూడు జిల్లాలమీద సమముగా పరచినచో రాశి అరువది మీటర్లకు మించి లేచును. ఊళ్లు, గుళ్లు, చెరువులు, చేలు సమస్తమును దానిక్రింద మునిగిపోవును.

ఇప్పుడు సంఖ్యాస్వరూపము. ఇది బేసిసంఖ్య; ఐదుతో ముగియును; అంకెల మొత్తము 87. ఒకటినుండి తొమ్మిదివరకు, సున్నతో సహా, అన్ని అంకెలును ఇందు కలవు, రెండు ఒక్కటి తప్ప. రెట్టింపువలన పుట్టిన సంఖ్యలో రెండంకె లేకపోవుట ఒక వింత. రెండు వర్గముల భేదము గనుక ఇది వెంటనే రెండు భాగములుగా విడిపోవును: 4,29,49,67,295 మరియు 4,29,49,67,297. మొదటిది మరల విడిపోయి 3, 5, 17, 257, 65,537 అను ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధమగును. రెండవది ప్రధానసంఖ్యయే యని ఫ్రాన్సు దేశపు ఫెర్మా పదునేడవ శతాబ్దియందు తలచెను. 1732లో ఆయిలర్ అది 641, 67,00,417 అను రెండు సంఖ్యల లబ్ధమని చూపెను. కనుక చతురంగ సంఖ్యకు ప్రధాన భాజకములు ఏడు. ఏ ఒక్కటియు రెండుమారులు రాదు. అందుచే దానికి మొత్తము 128 భాజకములు కలవు. తన్ను విడిచి తక్కిన భాజకములన్నిటిని కూడినచో ఆ మొత్తము సంఖ్యలో నూటికి డెబ్బదిపాళ్లు మాత్రమే యగును. గ్రీకుల వర్గీకరణమున ఇట్టిదానిని న్యూనసంఖ్య యందురు. పైని చెప్పిన మొదటి ఐదు ప్రధాన సంఖ్యల తీరుననే ఆరవది లభించునని ఫెర్మా ఆశించిన స్థానముననే ఆయిలర్ దానిని ఖండించెను. నేటివరకును అట్టి ప్రధానసంఖ్యలు ఆ ఐదే తెలియవచ్చినవి. కావున చతురంగ సంఖ్య ఒక గొప్ప గణితజ్ఞుని ఊహయును, దాని ఖండనమును తనలోనే దాచుకొనియున్నది.

మహావీరుడు సంఖ్యలను రూపమునుబట్టియు వర్గీకరించెను. కొన్ని గుణకారముల ఫలములు కంఠాభరణమువలె ఇరువైపులనుండి ఒకేతీరున కనబడునని అతడు ఉదాహరణములిచ్చెను. 1,52,207ను 73తో గుణించిన 1,11,11,111. 1,23,45,679ని 9తో గుణించిన 11,11,11,111 అని తొమ్మిది ఒకట్లు. 2,79,94,681ని 441తో గుణించిన 12,34,56,54,321. చతురంగ సంఖ్య దశకపద్ధతిలో హారముగా కనబడదు. కాని రెండు అంకెలతోనే వ్రాయు పద్ధతిలో అది అరువది నాలుగు ఒకట్ల హారము. నేటి గణనయంత్రము అరువది నాలుగు స్థానములలో ఇముడ్చుకొనగల గరిష్ఠ ధనసంఖ్య ఇదియే. వనపర్తి సంస్థానపు రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ విద్యాలయము నెలకొనెను. సంస్థానములు కవులను పోషించిన సీమలో యంత్రవిద్య ప్రవేశించినపుడు ఈ పాతసంఖ్య క్రొత్తవేషమున మరల అచ్చటికే వచ్చినదన్నమాట.

పద్యమున సంఖ్య నిలుచు విధమును ఇక విచారింతము. భూతసంఖ్యా పద్ధతిలో అంకెకు బదులు వస్తువు పేరు చెప్పుదురు: చంద్రుడు ఒకటి, అగ్ని మూడు, వేదము నాలుగు, బాణము ఐదు, పర్వతము ఏడు, ఆకాశము సున్న. అంకెలకు వామగతి; అనగా ఒకట్ల స్థానమునుండి ఎడమకు పోవలెను. రాజరాజనరేంద్రుని పట్టాభిషేక శకవర్షమైన 944 (క్రీ.శ. 1022) అతని తామ్రశాసనమున ఈ పద్ధతినే చెప్పబడినది. పర్యాయపదములు పెక్కులుండుటచే కవికి ఛందస్సులో స్వేచ్ఛ కలుగును. ఆ స్వేచ్ఛయే ప్రమాదమునకును తావు. ‘నగ’ మనగా ఏడు. ‘నాగ’ మనగా ఎనిమిది. వ్రాయసకాడు ఒక్క దీర్ఘమును చేర్చినచో సంఖ్య మారిపోవును. ఇచ్చట ఛందస్సు సాక్షిగా నిలుచును. చంపకమాలలో ప్రతి అక్షరపు గురులఘువులును నియతములు. రెండు లఘువులున్నచోట గురులఘువులు వచ్చినచో పద్యము వెంటనే కుంటుపడును.

ఈ నియతిని సంఖ్యతోనే చెప్పవచ్చును. ఇరువదియొక్క అక్షరముల పాదమునకు 20,97,152 భేదములు కలవు. అందు చంపకమాల 7,11,600వది. అక్షరముల క్రింద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు వ్రాసి, లఘువుల క్రింది అంకెలను కూడి, ఒకటి కలిపిన ఈ సంఖ్య వచ్చును. చదరంగపు గదులలో గింజలు పెట్టిన క్రియయు, వృత్తపు సంఖ్యను కనుగొను ఉద్దిష్టక్రియయు ఒక్కటే. చతురంగ సంఖ్యను చంపకమాలలో చెప్పుట యనగా రెట్టింపుచే పుట్టినదానిని రెట్టింపుచే గుర్తింపబడు పాత్రలో పోయుటయే.

ద్విపదతో పోల్చినచో ఈ విషయము మరింత తేటపడును. గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన రంగనాథ రామాయణము ద్విపద కావ్యము. గోనవారి వర్ధమానపురము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాన్ అని చెప్పుదురు. ద్విపద పాదమున ఇంద్రగణములు మూడు, సూర్యగణము ఒకటి. ఇంద్రగణములు ఆరు, సూర్యగణములు రెండు గనుక ఒక పాదమునకు 432 రూపములు అంగీకార్యములు. ఈ వైవిధ్యము కథాకథనమునకు వరము, గానమునకును అనుకూలము. కాని సంఖ్యారక్షణకు ఇది చాలదు. ఒక గణము మరియొక గణముగా మారినను పాదము నడచిపోవచ్చును. దోషము చెవికి తగులదు. వృత్తమున ఒక్కటే రూపము. కాలమును, గణితఫలమును చెప్పవలసిన చోట వృత్తము మేలగుటకు ఇది బలమైన హేతువని మేము తలంతుము.

అయినను ఛందస్సు ఒక్కటే చాలదు. ‘అబ్ధి’ యనగా నాలుగు, ‘అగ్ని’ యనగా మూడు; రెంటికిని గురులఘువులు సమానమే. ఒకదానికి మారుగా మరియొకటి వచ్చినను నడక చెడదు. సముద్రమును నాలుగుగా గొనుట సామాన్యము, ఏడుగా గొనుటయు కలదు. రంధ్రమును తొమ్మిదిగా గొందురు, సున్నగా గొనిన చోట్లును కలవు. ఇచ్చట రెండవ సాక్షియగు గణితము రావలెను. క్రీ.శ. 950 ప్రాంతపు రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున నవశేష పరీక్ష కలదు. రెండును ఆరుమారులు గుణించిన 64. దానిని తొమ్మిదితో భాగించిన శేషము ఒకటి. అందుచే చతురంగ సంఖ్యకు నవశేషము ఆరు కావలెను. అంకెల మొత్తము 87. ఎనిమిది, ఏడు పదునైదు. ఒకటి, ఐదు ఆరు. సరిపోయినది. అబ్ధి అగ్నిగా మారినచో మొత్తము 86 అయి శేషము ఐదగును, దోషము బయటపడును.

కాని రంధ్రమును సున్నగా చదివినచో నవశేష పరీక్ష దానిని పట్టుకొనలేదు; సున్నకును తొమ్మిదికిని శేషము ఒక్కటే కదా. అప్పుడు పదునొకటితో పరీక్షింపవలెను. ఒకట్ల స్థానమునుండి బేసిస్థానముల అంకెలు కూడిన 62, సరిస్థానములవి 25, భేదము 37, పదునొకటితో భాగించిన శేషము నాలుగు. లెక్కప్రకారము రావలసినదియు నాలుగే. తొమ్మిది సున్నయైనచో భేదము 28 అయి శేషము ఆరగును; పొరపాటు తెలిసిపోవును. సంఖ్యలో నాలుగు నాలుగులు కలవు. వానిలో ఏ మూడింటిని ఏడులుగా చదివినను నవశేషము మారదు, పదునొకటి పరీక్ష మాత్రము వానిని పట్టుకొనును. పొరపాటున ఒకదానిని సరిస్థానమునను, ఒకదానిని బేసిస్థానమునను ఏడుగా చదివినచో పదునొకటి పరీక్ష మోసపోవును, నవశేషము పట్టుకొనును. ఇట్లు ఒక పరీక్ష విడిచినదానిని మరియొకటి అందుకొనును. న్యాయస్థానమున ఇరువురు సాక్షులకు గల విలువయే ఇచ్చట వీనికిని కలదు.

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యను ఖ్యాతి కలదు. గద్వాల, వనపర్తి సంస్థానములను తిరుపతి వేంకట కవులు దర్శించిరి. అవధానాంగములలో చదరంగము ఒకటి; పద్యధారణమును, పావుల యెత్తులును ఒకే మనస్సున నడచుట ఆ విద్య మహిమ. కవితయు గణనయు వేరువేరు గదులలోని విద్యలని ఆ సభలు తలపలేదు. సంస్థానములు 1948 తరువాత రాజ్యాధికారముతో సహా అంతరించెను. 2016 అక్టోబరు 11న ఈ మూడును జిల్లాలుగా ఏర్పడెను. పాలన మారినను ఆ విద్యాసంప్రదాయపు అవశేషములు తాళపత్రములలోను, పంచాంగకర్తల లెక్కలలోను, శాసనములలోను పరిశీలనార్హములై యుండును.

సంఖ్యకు చరిత్రలో వాదబలము కలదని ఈ సీమవాడే యైన సురవరం ప్రతాపరెడ్డి నిరూపించెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ఆయన 1934లో గోలకొండ కవుల సంచికను ప్రత్యుత్తరముగా ప్రకటించి 354 కవులను చూపెను. ఆ సంచికకు బలము ఆ లెక్కయే. లెక్క తప్పినచో వాదము తప్పును. శాసనమున ఒక శకవర్షము తప్పుగా చదివినచో ఒక రాజవంశపు కాలమే మారిపోవును. కవి తాతకు మనుమడగునో, రాజుకు సమకాలికుడగునో తారుమారగును. మల్లన కాలవివాదమే ఇందుకు నిదర్శనము.

కనుక పరిశోధక విద్యార్థులకు మా మనవి యొక్కటి. సంఖ్యను చెప్పు పద్యము కనబడినపుడు నిఘంటువును మాత్రమే చూచి అంకెలను వ్రాయరాదు. ముందు గణవిభజన చేయవలెను. తరువాత అంకెలను వామగతిని నిలుపవలెను. పిమ్మట ఆ సంఖ్య ఏ క్రియవలన పుట్టినదో ఆ క్రియను తిరిగి చేసి చూడవలెను. శకవర్షమైనచో తిథివారములతో సరిచూడవలెను. చతురంగ సంఖ్యకు ఛందస్సును గణితమును ఏకకంఠముగా సాక్ష్యమిచ్చుచున్నవి. ఇంతటి సాక్ష్యబలము గల అంకెలు మన ప్రాచీన వాఙ్మయమున ఇంకెన్ని కలవో, పాలమూరు సీమ పత్రములలో ఎన్ని మరుగుపడియున్నవో వెదకుట సాహిత్యశాఖలవారును గణితశాఖలవారును కలిసి పూనుకొనదగిన పని.